అత్తగారి కుటుంబ సమాధిలో నాకూ ఒక చోటు ఉందట. ఏం చెప్పాలి?

నెలవంక:
అందరికీ సలాం, నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను ముస్లింని. మా ఆయన క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. నమ్మకం పెద్దగా లేదు, చర్చికి వెళ్లేది పెళ్లిళ్లకీ చావులకే. మారమని నేను అడగలేదు, ఆయన మారలేదు. రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాం. ఏడేళ్లయింది, నాలుగేళ్ల పాప. ఉంటున్నది ఆయన దేశంలో. ఇంట్లో మాట్లాడుకునేది ఇంగ్లీషు, అది ఆయన భాషా కాదు, నాదీ కాదు.

పోయిన నెల మామగారు పోయారు. అంత్యక్రియలైన వారానికి అత్తగారు ఒక ఫైలు తెచ్చి టేబుల్ మీద పెట్టారు. కుటుంబ సమాధి కాగితాలు. గళ్లు గీసిన ప్లాను, నాలుగు చోట్లు. ఒక గడిలో మామగారి పేరు పెన్నుతో రాసుంది. పక్క గడి అత్తగారిది. మిగతా రెండింట్లో పెన్సిల్‌తో మా ఆయన పేరు, నా పేరు. ఏడేళ్లలో ఆమె నా పేరు అక్షరం పొల్లుపోకుండా రాయడం అదే మొదటిసారి.

నాకు నోట మాట రాలేదు. థాంక్స్ చెప్పాలని తెలుసు, చెప్పలేకపోయాను. రాత్రి మా ఆయనతో అన్నాను, నేను ముస్లింల ఖబర్‌స్తాన్‌లోనే ఉండాలి అని. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగారు: "నువ్వు ఐదు పూటలా నమాజ్ చదవవు. రంజాన్‌లో కూడా సగం రోజులే రోజా ఉంటావు. మరి ఇక్కడ ఎందుకింత పట్టు?" కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అత్తగారికి ఏమని చెప్పాలి? "మీ పక్కన వద్దు" అన్నట్టు కాకుండా ఎలా చెప్పాలి? నా పెళ్లి మతం ప్రకారం చెల్లుతుందా లేదా అన్న చర్చ మాత్రం వద్దు. అది నాకు తెలియనిది కాదు.

సూటిమాట:
చెల్లెమ్మా, వద్దన్నారు గానీ చెప్పకపోతే నా తప్పవుతుంది. ముస్లిం స్త్రీకి ముస్లిమేతరుడితో పెళ్లి లేదు. ఖురాన్‌లో 2వ సూరా 221వ ఆయత్, 60వ సూరా 10వ ఆయత్ చూడండి. నాలుగు మజ్‌హబ్‌లదీ (ధర్మశాస్త్ర సంప్రదాయాలదీ) ఒకే మాట. బతికుండగా లేని పట్టింపు ఖబర్ దగ్గర వస్తే మీ ఆయన అడిగింది న్యాయమే కదా. ముందు మొదలు సరిచేసుకోండి, చివర దానంతటదే సర్దుకుంటుంది.

నెలవంక:
అన్నా, ఆ ఆయత్‌లు నేను చదవని రోజు లేదు, పెళ్లికి ముందు రెండేళ్లూ అదే పని. మా అబ్బాజాన్ మూడేళ్లు ఫోన్ ఎత్తలేదు. మీరు కొత్తగా చెప్పిందేం లేదు. నేను అడిగింది వేరే.

పర్యవేక్షకుడు:
సూటిమాట గారూ, మీ అభిప్రాయం నమోదైంది. అడిగినదానికి జవాబుంటే రాయండి, లేకపోతే ఇక్కడితో ఆపండి.

పాతకాపు:
అమ్మా నెలవంకా, నాకు 22 ఏళ్ల కాపురం. మా ఆవిడ క్రైస్తవురాలు, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి. నా దారి మీకంటే నున్నన, అది ఒప్పుకోవాలి. 5వ సూరా 5వ ఆయత్‌లో అహ్లె కితాబ్ స్త్రీని, అంటే యూదు, క్రైస్తవ స్త్రీని చేసుకోవచ్చని ఉంది కాబట్టి నన్నెవరూ నిలదీయలేదు. అదే పని మా చెల్లెలు చేసుంటే ఇంట్లో ఏం జరిగేదో నాకు తెలుసు. అందుకే మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు.

మీ ఆయన అడిగిన ప్రశ్న మా ఆవిడ నన్ను పదిహేనేళ్ల కిందటే అడిగింది. అప్పట్లో నేను శుక్రవారం జుమా నమాజ్‌కి కూడా సరిగ్గా వెళ్లేవాణ్ణి కాదు. నాకు తోచింది చెప్తాను. బయటి దేశానికి వచ్చి ఒక్కోటి వదిలేశాం. భాష వదిలాం, పండగ సెలవులు వదిలాం, పొద్దున్నే వినబడే అజాన్ వదిలాం. ఏదీ ఎవరూ వదలమనలేదు, జారిపోయాయి. చివరికి చేతిలో ఒకటో రెండో మిగులుతాయి. వాటిని లాగితే మాత్రం గిలగిల్లాడతాం. అది భక్తి అని నేననను. కానీ అబద్ధం కూడా కాదు.

మేం ఏం చేశామంటే, మా ఊరి మునిసిపల్ శ్మశానంలోనే ఒక మూల ముస్లిం విభాగం ఉంది. సమాధులన్నీ ఖిబ్లా వైపు, అంటే మక్కా వైపు తిప్పి ఉంటాయి కాబట్టి దూరం నుంచి చూస్తే మిగతా వరసలకి వంకరగా కనిపిస్తుంది. ఆ విభాగం అంచున నాకు, దానికి ఎదురుగా మామూలు విభాగంలో ఆవిడకి తీసుకున్నాం. మధ్యలో నాలుగడుగుల కాలిబాట. సంతకాలు పెట్టి వస్తుంటే మా ఆవిడ అంది, "ఇప్పుడూ అంతేగా, గురక పెడతావని నువ్వా గదిలో, నేనీ గదిలో." చావు కాగితాలు చేతిలో పెట్టుకుని ఇద్దరం కార్లో నవ్వుకున్నాం.

ఒకటి గుర్తుపెట్టుకోండి. యూరప్‌లో చాలా చోట్ల సమాధి స్థలం శాశ్వతం కాదు, 20, 30 ఏళ్లకి అద్దె లెక్క. గడువైతే మళ్లీ కట్టాలి, లేకపోతే వేరేవాళ్లకి ఇస్తారు. ఖబర్‌ని కదపకూడదని మనవాళ్లు అనుకుంటారు కాబట్టి ముందే అడగండి.

చలిమంట:
నెలవంక అక్కా, నాది మీకు అటువైపు కథ. నేను హిందువుగా పుట్టాను, ఆయన ముస్లిం, వేరే దేశం మనిషి. పాతకాపు గారు చెప్పిన సౌకర్యం నాకు వర్తించదని ఆయన కుటుంబం అంది. అందుకని షహాదా, అంటే ఇస్లాం స్వీకరించే మాట, చదివాను. ఆ అరబీ మాటలు తెలుగు లిపిలో చిన్న కాగితం మీద రాసుకుని, అరచేతిలో మడిచిపెట్టుకుని వెళ్లాను. ఇమామ్ గారు ఒక్కో ముక్క చెప్తుంటే కాగితం చూడాల్సిన పనే రాలేదు. పది నిమిషాల్లో అయిపోయింది. సాక్షులు సంతకం పెట్టారు, సర్టిఫికెట్ ఇచ్చారు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లలో, నువ్వు నమ్ముతున్నావా అని నన్ను ఒక్కరూ అడగలేదు. ఆయన కూడా. అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలియదు, కొన్ని రోజులు నమ్ముతాను. సుజూద్‌లో నుదురు నేలకి ఆనినప్పుడు మనసు కుదుటపడుతుంది, అది మాత్రం నిజం. అత్తగారింట్లో నాకు ఇంకో పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే రెండోసారికి గానీ తిరిగి చూడను.

అందుకే మీ పోస్టులో నాకు సమాధి కనిపించలేదు, పెన్సిల్ కనిపించింది. ఆవిడ మీ పేరు మీ పేరులాగే రాసింది. ఆవిడకి నచ్చజెప్పే ముందు అది ఒకసారి ఆవిడతో అనండి.

ఇక నేను పోతే పూడుస్తారు. మా అమ్మకి ఆ సంగతి ఇంకా తెలియదు. దహనం చేస్తారనే అనుకుంటోంది. ఆ మాట నేను చెప్పలేదు, చెప్పే ధైర్యం ఇప్పట్లో వచ్చేలా లేదు.

కాగితాలమనిషి:
వృత్తిరీత్యా కాగితాలు చూసేవాణ్ణి. వేదాంతం వేరేవాళ్లకి వదిలేసి నాకు తెలిసింది రాస్తాను. దేశం దేశానికీ మారుతుంది కాబట్టి అక్కడి లాయర్‌ని కలవకుండా ఏదీ చేయకండి.

రిజిస్టర్ పెళ్లి చేసుకున్నారు కాబట్టి నెలవంక గారికి సగం తలనొప్పి తప్పింది. నికాహ్ ఒక్కటే చేసుకుని "అయిపోయింది పెళ్లి" అనుకునే జంటలు చాలామంది. ఇంగ్లండ్‌లో 2020లో అప్పీల్ కోర్టు తేల్చిందేమిటంటే, రిజిస్ట్రేషన్ లేకుండా అక్కడ జరిగిన నికాహ్ చట్టం దృష్టిలో చెల్లని పెళ్లి కూడా కాదు, అసలు పెళ్లే కాదు. చెల్లని పెళ్లి అయితే కనీసం ఆస్తిలో వాటా అడగొచ్చు, ఇక్కడ అదీ లేదు. ఫ్రాన్స్‌లో ఇంకో పద్ధతి, సివిల్ పెళ్లి కాకుండా మతపరమైన పెళ్లిళ్లు అలవాటుగా చేయించే మతగురువుకే శిక్ష.

పెళ్లి ఒక చోట చెల్లితే అన్ని చోట్లా చెల్లదు. లెబనాన్‌లో లోపల సివిల్ పెళ్లి దొరకడం కష్టం గానీ, బయట చేసుకొస్తే గుర్తిస్తారు. అందుకే జంటలు విమానమెక్కి సైప్రస్ వెళ్తారు. ట్యునీషియాలో ముస్లిం స్త్రీ ముస్లిమేతరుణ్ణి చేసుకోకుండా అడ్డుపడిన 1973 నాటి సర్క్యులర్‌ని 2017లో ఎత్తేశారు. ఇండోనేషియాలో అటునుంచి ఇటు, కోర్టులు మతాంతర పెళ్లిళ్ల నమోదుకి అనుమతివ్వొద్దని 2023లో సుప్రీంకోర్టు సర్క్యులర్ ఇచ్చింది. మీ పాస్‌పోర్టు ఏ దేశానిదో, సెలవులకి ఏ దేశం వెళ్తారో, అక్కడ మీరు భార్యాభర్తలేనా అని ముందే కనుక్కోండి. ఆస్పత్రిలో సంతకం పెట్టాల్సొచ్చినప్పుడు తెలుసుకుంటే లాభం లేదు.

వారసత్వం ఇంకా పెద్ద చిక్కు. సంప్రదాయ ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్రం) ప్రకారం ముస్లింకి ముస్లిమేతరుడి ఆస్తి రాదు, అటువైపు నుంచీ రాదు. భార్యాభర్తలైనా అంతే. వసియ్యత్‌తో, అంటే విల్లుతో, మూడో వంతు దాకా రాయొచ్చు. ఆ సూత్రమే చట్టంగా ఉన్న దేశాల్లో మీకు ఇల్లో పొలమో ఉంటే మీ ఆయనకీ మీకూ ఇది తగులుతుంది. డెన్మార్క్, ఐర్లండ్ తప్ప యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2015 ఆగస్టు 17 నుంచి కొత్త నిబంధన ఉంది, పోయిన మనిషి మామూలుగా ఎక్కడ నివసించాడో అక్కడి చట్టమే వారసత్వానికి వర్తిస్తుంది. కావాలంటే విల్లులో తన పౌరసత్వ దేశ చట్టాన్ని ఎంచుకోవచ్చు. "మన దేశం చట్టమే మేలు" అని అభిమానంతో ఎంచుకుని, భార్య వాటా పోగొట్టిన పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు. ఆయనకి ఆ సంగతి తెలియకుండానే పోయారు, తెలిసింది ఆవిడకి.

ఉత్తరదిక్కు:
పాత సభ్యులందరికీ దండాలు. పక్కదారి పట్టిస్తున్నానేమో. మీ ఆయన "సగం రోజులే రోజా" అన్న మాట దగ్గర ఆగాను.

మేముండేది బాగా ఉత్తరాన. 2015లో రంజాన్ జూన్, జూలైలో పడింది. రోజా 20 గంటల పైమాటే. కొంతమంది మక్కా టైము పట్టుకున్నారు, కొంతమంది దక్షిణాన దగ్గరి నగరం టైము పట్టుకున్నారు, నేను మొండిగా ఆకాశాన్నే పట్టుకున్నాను. మా ఆవిడకి ఏ మతమూ లేదు. కానీ రోజూ రాత్రి నాతోపాటు కిటికీ దగ్గర కూర్చుని, సూర్యుడు పోడేంటి అని నాకంటే ఎక్కువ తిట్టేది. ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరిగి ఇప్పుడు రంజాన్ చలికాలంలోకి వచ్చేసింది. "ఇదేం రోజా, నేనూ ఉంటా" అంటోంది. 2030లో ఏడాది మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి, రెండు రంజాన్‌లు మొదలవుతాయని చెప్తే, ఇదేదో ఆఫర్‌లా ఉందే అంది.

చెప్పొచ్చేదేంటంటే, వాళ్లకి మన లెక్క తెలియదు. సగం రోజులున్నావంటే సగం నమ్మకం అనుకుంటారు. వదిలేసిన రోజు మనకెంత గిల్టీగా ఉంటుందో మనం చెప్పం కదా. ఉన్న రోజులే కనిపిస్తాయి వాళ్లకి, లేని రోజుల బాధ కనిపించదు.

రెండోతరం:
నేను మీలాంటి జంటకి పుట్టిన దాన్ని. నాన్న ముస్లిం, అమ్మ కాదు. ఇద్దరివీ వేరు వేరు దేశాలు, మేం పెరిగింది మూడో దేశంలో. తెలుగు నాన్న వైపు నుంచి వచ్చింది, తప్పులుంటే మన్నించండి.

రెండు మతాల మధ్య నలిగిపోయావా అని అందరూ అడుగుతారు. నలగలేదు. మా ఇంట్లో ఆ విషయమే ఎత్తేవాళ్లు కాదు. గొడవ వద్దని ఇద్దరూ ఏదీ అనేవాళ్లు కాదు. అది శాంతి అనుకున్నాం అందరం.

నాన్న ఒక శుక్రవారం రాత్రి హఠాత్తుగా పోయారు. గుండె. శని, ఆదివారాలు ఆఫీసులు మూత. సోమవారం సెలవు. మతం ప్రకారం వీలైనంత త్వరగా ఖననం చేయాలని చిన్నాన్న గంటకోసారి ఫోన్. ఇక్కడ సర్టిఫికెట్ రానిదే ఎవరూ కదలరు. గుస్ల్ (చివరి స్నానం) ఎవరు చేస్తారు, కఫన్ (చుట్టే బట్ట) ఎక్కడ దొరుకుతుంది, పెట్టెలో పెట్టాలా వద్దా, అమ్మకి ఒక్కటీ తెలియదు. 29 ఏళ్లు కాపురం చేసింది. తెలియదని ఒప్పుకోవడానికే సిగ్గుపడింది. చిన్నాన్నేమో అమ్మ కావాలనే ఆలస్యం చేస్తోందని అనుకున్నాడు. బుధవారం గానీ కాలేదు. ఆ మాట పట్టింపు ఇప్పటికీ పోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంటి నిండా జనం. ఎవరో సాయం చేద్దామని వాషింగ్ మెషీన్ వేశారు. నమాజ్ గది గోడకి ఆనుకునే ఉంటుంది మెషీన్, తిరిగితే నేలంతా అదురుతుంది. అసర్ నమాజ్ వేళ అయ్యేసరికి అమ్మ మాటల మధ్యలో లేచి, వెళ్లి మెషీన్ ఆపేసి, వచ్చి కూర్చుంది. లోపల నమాజ్ చదివేవాళ్లు ఎవరూ లేరు. నాన్న మతం గురించి అమ్మకి బాగా తెలిసింది అదొక్కటే, ఐదు పూటలా టైములు. సీజన్‌తో పాటు నిమిషాలు మారడం కూడా ఆవిడకి తెలుసు.

ఆంటీ, మీ అత్తగారికి ఏం చెప్పాలో నాకు తెలియదు. మీ ఆయనకి మాత్రం అన్నీ చెప్పండి. ఎవరికి ఫోన్ చేయాలి, ఏం చేయాలి, ఏం చేయకూడదు. రాసి పెట్టండి.

కాగితాలమనిషి:
రెండోతరం గారి మాటకి ఒకటి కలుపుతాను. అంత్యక్రియల సంగతి విల్లులో ఒక్కదాన్లోనే రాసి ఊరుకోకండి. విల్లు చాలాసార్లు ఖననం అయ్యాకే తెరుస్తారు. విడిగా ఒక పేజీ, ఇంట్లో చేతికందే చోట, ఆయన భాషలో. మసీదు ఫోన్ నంబరు పైన.

పాతకాపు:
ఆ వాషింగ్ మెషీన్ సంగతి చదివాక చాలాసేపు ఇంకేం చదవలేకపోయాను తల్లీ.

నాదీ ఒకటి. మొన్న మక్కాకి ఉమ్రా యాత్రకి వెళ్లాను. సౌదీ 2019 నుంచి టూరిస్టు వీసాలు ఇస్తోంది కాబట్టి మా ఆవిడ జెద్దా దాకా వచ్చింది. అక్కణ్ణుంచి మక్కాకి ముస్లింలకే దారి. కాబా చుట్టూ తవాఫ్ చేస్తుండగా నా దువాల్లో సగం జెద్దా హోటల్ గదిలో ఒంటరిగా కూర్చున్న మనిషి గురించే. తిరిగొచ్చాక ఎలా ఉంది అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను, మాటలు రాలేదు. "పర్లేదులే, మీ మొహం చూశాను" అంది. కొన్ని చోట్లకి కలిసి వెళ్లలేం, అంతే. దానికి మందు లేదు.

నెలవంక:
అందరి జవాబులూ చదివాను, కొన్ని రెండుసార్లు. రెండోతరం, నువ్వు రాసింది మా ఆయనకి ఇంగ్లీషులో చదివి వినిపించాను. మెషీన్ దగ్గరికొచ్చేసరికి నా గొంతు పోయింది, మిగతాది ఆయనే ట్రాన్స్‌లేటర్‌లో వేసుకుని చదువుకున్నారు. తర్వాత లేచి వెళ్లి ఒక నోట్‌బుక్ తెచ్చి, "చెప్పు, మొదట ఎవరికి ఫోన్ చేయాలి" అన్నారు. రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాం. కఫన్‌కి కుట్లుండవని చెప్తే ఎందుకు అని అడిగారు. నాకే తెలియని ప్రశ్నలు ఆరో ఏడో తేలాయి. అబ్బాజాన్‌కి ఫోన్ చేసి అడిగాను. ఇప్పుడు ఎత్తుతున్నారులెండి, పాప పుట్టాక. ఎందుకడుగుతున్నావని ఆయన కంగారుపడ్డారు. చెప్పాక కాసేపు ఏం అనలేదు, తర్వాత నిదానంగా ఒక్కోటీ చెప్పారు. మా ఆయన స్పీకర్‌లో వింటూ రాసుకున్నారు. వాళ్లిద్దరూ ఒకే విషయం మీద అరగంట ఉండటం ఇదే మొదలు. విషయం నా చావు, ఏం చేస్తాం.

అత్తగారి దగ్గర మాత్రం అంత బాగా జరగలేదు. చలిమంట చెప్పినట్టు ముందు పెన్సిల్ సంగతే ఎత్తాను, నా పేరు రాసినందుకు చాలా సంతోషమేసిందని. ఆవిడ మొహం వెలిగింది. ఆ తర్వాత మిగతాది చెప్పడం ఇంకా కష్టమైపోయింది. చెప్పాను. ఖిబ్లా, మా పద్ధతి, అన్నీ. "అయితే నా కొడుకు ఒక్కడే ఉండాలా" అన్నారు. ఆ మాటకి నా దగ్గర ఏమీ లేదు. ఫైలు తీసుకెళ్లిపోయారు. నా పేరు చెరిపారో లేదో తెలియదు. నేను చెరపమనలేదు.

మా ఆయనతో పాతకాపు గారి కాలిబాట సంగతి చెప్పాను. ఇక్కడి శ్మశానంలో ముస్లిం విభాగం, వాళ్ల కుటుంబ సమాధి రెండు చివర్లలో ఉన్నాయట. నడిచి కొలుస్తానన్నారు ఆదివారం.

సూటిమాట:
నేను ముందు రాసినదాన్ని వెనక్కి తీసుకోను. కానీ ఇది కూడా చెప్పాలి. జనాజా (అంత్యక్రియలు) ప్రతి ముస్లింకీ ఉన్న హక్కు, చేయడం మిగతా ముస్లింల బాధ్యత. ఎవర్ని పెళ్లి చేసుకున్నావని ఖబర్‌స్తాన్ గేటు దగ్గర అడిగేవాళ్లు ఉండకూడదు. దగ్గరి మసీదు కమిటీలో ఇప్పుడే మీ పేరు రాయించుకోండి, చాలా చోట్ల జనాజా ఫండ్ ఉంటుంది. ఎవరైనా ఇబ్బంది పెడితే ఇక్కడ రాయండి చెల్లెమ్మా.

నెలవంక:
రాస్తాను అన్నా. జజాకల్లాహ్.

చలిమంట:
అక్కా, ఆదివారం కొలిస్తే ఎన్ని అడుగులో చెప్పండి.

కాగితాలమనిషి:
విల్లు కోసం నోటరీ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇద్దరి పాస్‌పోర్టులు, పెళ్లి సర్టిఫికెట్, పాప జనన ధ్రువీకరణ పట్టుకెళ్లండి. ఏది ఆ దేశ భాషలో లేకపోతే దానికి ధ్రువీకరించిన అనువాదం కావాలి, అది రావడానికే రెండు వారాలు పట్టొచ్చు.

నెలవంక:
అపాయింట్‌మెంట్ గురువారమే! అనువాదం సంగతి తట్టలేదు. ఇప్పుడే ఫోన్ చేసి వాయిదా వేయిస్తాను.